మిరపకు వైరస్ ఎక్కించిన ఏళ్లు

ఆరోగ్యంగా ఉన్న మొక్కలకు వైరస్ ఎక్కించడం నా ఉద్యోగం. వరంగల్‌లోని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. ఈ సంగతి మా అమ్మీకి మొదటిసారి చెప్పినప్పుడు ఆమె కొత్తవాడలో మా ఇంటి గడప మీద కూర్చుని జంపఖానా అంచు దారాలు ముడి వేస్తోంది. చేతులు ఆపకుండానే అంది:

“బీమారి పోగొట్టేటోళ్లను సూసిన గని, బీమారి అంటించేటోళ్లను నిన్నే సూస్తాన్న రజియా. గిందుకేనా గింత సదివింది?”

ఆమెకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీకైనా చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు ఏ ఉద్యోగంలోనైనా ఒకటే, వాటిని వదిలేస్తాను. నాకు పని నేర్పిన నాలుగైదు సంగతులు మాత్రం చెబుతాను.

ముందు పని ఏమిటో తెలియాలి. మొక్క కణంలో వేల జన్యువులుంటాయి. అన్నీ ఒకేసారి పూర్తి జోరుతో పనిచేస్తే మొక్క బతకదు. ఏది ఎంత పనిచేయాలో అదుపు చేసే ఏర్పాట్లలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకటి. చాలా చిన్న తునక అది. ఒక జన్యువు పంపే సందేశానికి వెళ్లి అతుక్కుంటుంది. ఆ సందేశం తెగిపోతుంది, జన్యువు పని తగ్గిపోతుంది. మిరప మొక్కలో ఇలాంటి తునకలు ఎన్నో. ఏది ఏ పని చేస్తోందో తెలియాలంటే దాన్ని కొంతకాలం పక్కకు తప్పించి, మొక్కకు ఏమవుతుందో చూడాలి.

తప్పించడానికి ఒక ఎర తయారు చేస్తాం. అసలు సందేశంలాగే కనిపించే నకలు అది. తునక వచ్చి ఎరకు అతుక్కుని అక్కడే చిక్కుకుపోతుంది. ఆ ఎరను మొక్కంతా మోసుకెళ్లేది వైరస్. మిరపలో జన్యువు మార్చి కొత్త మొక్కను పెంచడం మహా కష్టం, ఏళ్లు పడుతుంది. వైరస్‌తో అయితే మొలకకు మొదటి రెండాకులు రాగానే సూది లేని సిరంజిని ఆకు అడుగున ఆనించి ద్రవాన్ని మెల్లగా నొక్కితే చాలు. కొన్ని వారాల్లో మొక్కే జవాబు చెబుతుంది.

చెప్పడానికి ఇంత తేలిక. చేయడానికి నా జుట్టు నెరిసింది.

తెల్లబడని ఆకులు

వైరస్ మొక్కంతా పాకిందో లేదో చూసుకోవడానికి ముందుగా ఒక పరీక్ష చేస్తారు. ఆకులోని పచ్చదనాన్ని వెలుతురు దెబ్బ నుంచి కాపాడే జన్యువు ఒకటుంది. వైరస్‌తో దాన్ని ఆపేస్తే కొత్తగా వచ్చే ఆకులు తెల్లగా వస్తాయి. తెల్లబడితే మన వైరస్ పనిచేస్తున్నట్టు.

మా మొక్కలు తెల్లబడలేదు. విదేశీ పరిశోధన పత్రంలో రాసినది రాసినట్టు చేశాం. ఒక విడత, రెండో విడత, అయిదో విడత. ఆకులన్నీ నిగనిగలాడుతూ పచ్చగానే ఉన్నాయి. మొక్క ఇంత ఆరోగ్యంగా ఉంటే ఏడుపొచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉండదేమో.

మా విభాగాధిపతి నరసింహం సార్ మొక్కలు పెంచే గాజుగది గుమ్మంలో నిలబడి ట్రేలన్నీ చూశారు.

“రజియా, జర ఆలోచించమ్మా. గీ ఊరి ఎండల గా వైరస్ పనిచేస్తదా? ఈ సీజన్ అయ్యేదాకా చూడు. కాకుంటే ఇంకో పని ఎంచుకో. అందులో సిగ్గుపడేదేం లేదు” అన్నారు.

సిగ్గుపడేది లేదని ఆయన అన్నందుకే నాకు ఎక్కువ సిగ్గయింది.

మా గాజుగదిని చూసుకునేది యాకయ్య. పాలకుర్తి ఆయనది, నాకంటే పదేళ్లు పెద్ద. మొలకలంటే ప్రాణం. సెలవు రోజు కూడా వచ్చి నీళ్లు పట్టి వెళ్లేవాడు. ఎండలు ముదిరాక ఒక ఉదయం నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మేడం, ఒక మాట. కోపం చెయ్యద్దు.”

“ఏమైంది యాకన్నా?”

“మూడు వారాల కింది వడగాలికి ఒక ట్రేల మొక్కలన్నీ తలకాయలు ఏలాడేసినయ్. పాపం అనిపిచ్చి లోపలి విత్తనాల గదిల వెట్టిన. ఆడ చల్లగుంటది గదా. చీకట్ల సచ్చిపోతయని లైట్లు గూడ వెట్టిన. గిప్పుడు సూస్తే పై ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగైనయ్. ఏం రోగమచ్చిందో ఏమో. మీకో మాట చెప్పి పారబోద్దామని అచ్చిన.”

నేను కుర్చీలోంచి లేచానో దూకానో నాకు గుర్తు లేదు. వరండాలో పరుగెత్తుతుంటే వెనక యాకయ్య “మేడం, పైలం, నీళ్లున్నయ్, జారుతరు” అని అరుస్తున్నాడు. విత్తనాల గదిలో ఆ ట్రే ముందు నిలబడిపోయాను. కింది ఆకులు పచ్చగా, పై ఆకులు పాలలో ముంచి తీసినట్టుగా ఉన్నాయి. అంత అందమైన రోగం నేను అంతకుముందు చూడలేదు.

వైరస్‌కు చల్లదనం కావాలి. పత్రంలో ఉష్ణోగ్రత రాసే ఉంది. మా గాజుగది కూలర్లు ఆ అంకెను చూపిస్తున్నాయని నేను నమ్మాను. నిజానికి కూలర్ దగ్గర ఉన్న చల్లదనం మొక్కల దగ్గర లేదు. థర్మామీటర్ గోడకు ఉంది, మొక్క బల్ల మీద ఉంది. ఆ రెంటి మధ్య తేడా నాకు దాదాపు ఒక సంవత్సరం నష్టం చేసింది. థర్మామీటర్‌ను ఆకు పక్కన పెట్టండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

యాకయ్య అడగకుండా మొక్కలు జరపడం నియమానికి విరుద్ధం. వైరస్ ఎక్కించిన మొక్కలు అనుమతి ఉన్న గదుల్లోంచి బయటికి పోకూడదు. అదృష్టంకొద్దీ విత్తనాల గదికి కూడా ఆ అనుమతి ఉంది. నియమం ఎందుకుందో ఆయన్ను కూర్చోబెట్టి వివరించాను. అంతకుముందు ఒక్కసారి కూడా వివరించకపోవడం నా తప్పని అప్పుడు తెలిసింది. తర్వాత ఆయన ఒక్క కుండీ కూడా చెప్పకుండా కదపలేదు. నేను కూడా ఆయన్ను అడగకుండా ఏ ప్రయోగమూ మొదలుపెట్టలేదు.

నేను వినని మాట

పని సాగడం మొదలయ్యాక సుజాత వచ్చింది. హన్మకొండ అమ్మాయి, నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఇద్దరం కలిసి ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏను ఎంచుకున్నాం. రోగాన్ని గుర్తుపట్టి ఎదిరించే జన్యువుల గుంపును అది అణచిపెడుతుందని వేరే పంటల్లో తెలిసింది. మిరపలో దాని పని ఏమిటో చూడాలి.

ఎర ఎక్కించిన మొక్కల్లో ఆకులు ముడుచుకున్నాయి. నాకు పట్టలేని సంతోషం. ఈ తునక ఆకు ఆకారాన్ని కూడా శాసిస్తోందని తేల్చేశాను. ఒక సదస్సుకు రాసి పంపితే మాట్లాడమని పిలుపొచ్చింది.

ప్రయాణానికి ముందు సుజాత ఒకసారి మెల్లగా అంది: “మేడం, ఖాళీ వైరస్ ఎక్కిచ్చిన మొక్కలు గూడ జర ముడుస్తానయ్ అనిపిస్తాంది.”

ఖాళీ వైరస్ అంటే ఎర లేని వైరస్. మొక్కలో కనిపించే మార్పు ఎర వల్ల వచ్చిందా, వైరస్ వల్లే వచ్చిందా అని తేల్చేవి ఆ మొక్కలే.

“నువ్వు ముడత కోసం చూస్తానవ్, అందుకే కనిపిస్తాంది” అన్నాను.

సదస్సుకు ముందు విభాగంలో నా ప్రసంగం ఒకసారి వినిపించాను. బొమ్మలు బాగున్నాయి. నరసింహం సార్ చివరిదాకా విన్నారు. అయిపోయాక అడిగారు:

“ఖాళీ వైరస్ మొక్కలు ఏవి?”

“ఉన్నాయి సార్. ఈ ఫొటోలో, మూడు.”

“మూడే? ఏ బల్ల మీదున్నయ్? ఏ రోజు తీసినవ్ ఫొటో?”

కింది అరలో ఉన్నాయి. రెండు వారాల ముందు తీసిన ఫొటో. చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు. “పద, ఇప్పుడే చూద్దాం” అన్నారు. విభాగం మొత్తం గాజుగదిలోకి నడిచింది. ఖాళీ వైరస్ మొక్కలు మూడూ ముడుచుకుని ఉన్నాయి. ఎర ఉన్నవాటి కంటే కొంచెం తక్కువ, అంతే.

సార్ నా వైపు చూడలేదు. అది ఆయన మర్యాద అని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం చెంపదెబ్బ అనుకున్నాను.

ఆ సాయంత్రమే సదస్సు వాళ్లకు ప్రసంగం ఉపసంహరించుకుంటున్నానని రాశాను. కారణం కూడా దాచకుండా రాశాను. మరుసటి ఉదయం అందరూ టీ తాగుతున్నప్పుడు సుజాతతో అన్నాను: “నువ్వు చెప్పినవ్, నేను వినలేదు. తప్పు నాది.” ఆ అమ్మాయి కప్పు వైపు చూస్తూ “గిప్పుడు ఎన్ని ఖాళీవి పెడదాం మేడం?” అంది. “ఎర ఉన్నవి ఎన్నో, అన్ని” అన్నాను. అప్పుడు నవ్వింది.

నరసింహం సార్ గురించి కూడా దాచకుండా చెప్పాలి. నాకు దొరికిన అత్యుత్తమ ప్రశ్నలు ఆయన అడిగినవే. కానీ ఒక మంచి మాట అనడానికి ఆయనకు నోరొచ్చేది కాదు. ఆయన కింద పనిచేసిన ఇద్దరు మంచి పరిశోధకులు మనసు విరిగి వెళ్లిపోయారు. అది ఆయన లోపమే. ఆయనలా ప్రశ్నలడగండి. ఆయనలా మౌనంగా ఉండకండి.

కొమురమ్మ తెచ్చిన సంచి

ఒకరోజు ధర్మసాగర్ వైపు నుంచి ఒకావిడ యూరియా సంచిలో ఎండిన మిరపచెట్లు వేర్లతో సహా వేసుకుని మా కేంద్రానికి వచ్చింది. పేరు కొమురమ్మ. గేటు దగ్గర ఎవరిని అడగాలో తెలియక చెట్టు కింద కూర్చుంటే యాకయ్య నా దగ్గరికి తీసుకొచ్చాడు.

“నీళ్లకు కొదువ లేదు మేడం, రిజర్వాయర్ పక్కపొంటే ఉంటం. అయినా పూత మీదికచ్చినంక ఎండుడు వెడతానయ్. పొద్దుగాల మంచిగుంటది చెట్టు, మూడొద్దులకు కట్టె. ఏ మందు గొట్టినా అంతే. మూడేండ్ల సంది ఇదే గోస.”

కాండాన్ని కోసి చూశాను. లోపల గోధుమరంగు చార ఉంది. ఎండు తెగులు. మట్టిలో ఉండే శిలీంధ్రం వేరులోంచి ఎక్కి నీటి దారులు మూసేస్తుంది. పక్కనే రిజర్వాయర్ నిండుగా ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది.

“అక్కా, ఇప్పటికి నా దగ్గర మందు లేదు. ఈ చెట్లు నాకిచ్చి పో. పని చేసి చూస్తం” అన్నాను.

“ఉంచుకో చెల్లె. నేను తీస్కపోయి ఏం జేస్త?” అని సంచి అక్కడే వదిలి వెళ్లింది.

సుజాత ఆ కాండాల్లోంచి శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచింది. మా తునక రోగాన్ని ఎదిరించే జన్యువులను అణచిపెడుతోందంటే, దాన్ని ఎరతో తప్పించినప్పుడు మొక్క ఈ శిలీంధ్రం ముందు నిలబడాలి. ప్రశ్న అంత సూటిగా ఉంది. కానీ వైరస్‌కు చల్లదనం కావాలి, శిలీంధ్రానికి వెచ్చదనం కావాలి. చల్లగా ఉంచితే తెగులు రాదు, వెచ్చగా ఉంచితే ఎర పనిచేయదు. చాలా వారాలు ఇక్కడే ఆగిపోయాం.

దారి సుజాతే చూపింది. “ముందు వైరస్‌ను మంచిగ పాకనిద్దాం మేడం, చల్లగ ఉంచి. తర్వాత కొద్దికొద్దిగ వేడి పెంచుదాం. రెండు బతికే చోటు ఒకటి ఎక్కడన్నా దొరుకుతది.” ఆ చోటు కోసం ఒక్కో డిగ్రీ చొప్పున వెతికింది. దొరికింది.

నాలుగు రంగులు

అసలు పరీక్షకు నాలుగు గుంపులు పెట్టాం. వైరస్ లేనివి, ఖాళీ వైరస్‌వి, ఏ తునకా అతుక్కోని ఉత్త ఎర ఉన్నవి, అసలు ఎర ఉన్నవి. గుంపులన్నిటిలో మొక్కలు సమానం. ఏది ఏదో నాకూ సుజాతకూ తెలియకూడదు. తెలిస్తే మా కళ్లు ఆశపడతాయి. ఆశపడిన కళ్లు ఏం చేస్తాయో నేను అంతకుముందే చూశాను.

అందుకని కుండీలకు రంగులు వేసే పని యాకయ్యకు అప్పగించాం. ఎరుపు, నీలం, పసుపు, తెలుపు. ఏ రంగు ఏ గుంపో కాగితం మీద రాసి కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. కుండీలన్నీ కలిపేసి బల్లల మీద సర్దాడు. ఆ తర్వాత మొక్కల్ని పైకి తీసి, వేర్లను శిలీంధ్రం ఉన్న నీళ్లలో ముంచి, మళ్లీ అవే కుండీల్లో నాటాం.

రోజులు గడిచేకొద్దీ మొక్కలు వాలడం మొదలైంది. ఒకరోజు ఉండబట్టలేక సుజాత అడిగేసింది: “యాకన్నా, పసుపు ఏదో జర చెప్పరాదే.”

“చెప్పద్దన్నది మీరే గద బిడ్డా. నేను చెప్ప” అని నీళ్ల పైపు పట్టుకుని వెళ్లిపోయాడు.

చివరి రోజు సుజాతా నేనూ వేర్వేరుగా ఒక్కో మొక్కకూ మార్కులు వేశాం. ఒకరి కాగితం ఒకరు చూడలేదు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టాం. ఎరుపు, నీలం, తెలుపు కుండీల్లో దాదాపు అన్నీ వాలిపోయాయి. పసుపు కుండీల్లో చాలా మొక్కలు నిటారుగా ఉన్నాయి.

నరసింహం సార్ కూడా వచ్చారు. యాకయ్య బీరువా తాళం తీసి, కవరు చింపి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

“ఎరుపు... వైరస్ లేనియి. తెలుపు... ఖాళీ వైరస్. నీలం... ఉత్త ఎర.” ఆగి మా మొహాలు చూశాడు. “పసుపు... అసలు ఎర.”

సుజాత అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మాటే మాట్లాడని పిల్ల యాకయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తోంది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

సార్ పసుపు కుండీల మధ్య రెండుసార్లు తిరిగి వచ్చి, “ఇంకోసారి చెయ్యండి” అని వెళ్లిపోయారు.

ఇంకోసారి చేశాం. ఈసారి కొమురమ్మ చేనుకు దూరంగా ఉన్న వేరే పొలం నుంచి తెచ్చిన శిలీంధ్రంతో చేశాం. అదే ఫలితం. అప్పుడు సుజాత సార్ అడగకముందే తిరగేసిన ప్రయోగం చేద్దామంది. ఎరకు బదులు అదే తునకను ఎక్కువ మోతాదులో వైరస్‌తో ఎక్కించాలి. మేం అనుకున్నది నిజమైతే మొక్క ఇంకా త్వరగా పడిపోవాలి.

పడిపోయింది. మిగతావి ఇంకా నిలబడి ఉండగానే ఆ మొక్కలు మట్టిని తాకాయి. తీసేస్తే నిలబడింది, పెంచితే పడిపోయింది. ఒక తునక పనిని ఇంతకంటే స్పష్టంగా మొక్క చేత చెప్పించలేం.

సార్ ఆ కుండీల ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“ఇగ నా దగ్గర ప్రశ్న లేదమ్మా” అన్నారు.

అన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నాకు అది చాలు. సుజాతతో చేయి కూడా కలిపారు. నేను నిర్ఘాంతపోయాను.

చేలో వరసలు

కొమురమ్మను పిలిపించి, చూపించి, సంగతంతా వివరించాను. పడిపోయిన కుండీలను, నిలబడ్డ కుండీలను చూసి ఆమె అడిగింది ఒక్కటే: “అయితే నాకు విత్తనం ఎప్పుడిస్తవ్ చెల్లె?”

మీకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. అబద్ధం చెప్పకండి. “ఇది విత్తనం కాదక్కా. ఈ మొక్కల్ని బయటికి ఇయ్యరాదు, వీటి పిల్లలకు ఈ బలం రాదు. ఎక్కడ వెతకాలో మాత్రం ఇప్పుడు తెలిసింది” అన్నాను. ఆమె మొహం వాడింది. కానీ లేచిపోలేదు. “అయితే వెతుకుండ్రి. నేను ఏడికి పోత?” అంది.

వెతికాం. విత్తన రకాలు తయారు చేసే మా సహోద్యోగి శ్రీనివాస్ దగ్గర పాత నాటు మిరపలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏ మొక్కల్లో ఈ తునక పుట్టుకతోనే తక్కువగా ఉందో సుజాత ఒక్కొక్కటీ పరీక్షించి చెప్పింది. అలాంటిది ఒకటి దొరికింది. కాయ చిన్నది, దిగుబడి తక్కువ, ఎవరూ పట్టించుకోని రకం. శ్రీనివాస్ దాన్ని మంచి రకంతో కలిపి, తరం తర్వాత తరం ఏరుకుంటూ వచ్చాడు. అందులో వైరస్ లేదు, ఎర లేదు. మిరప మిరపతో కలిసింది, అంతే. కొన్నేళ్లు పట్టింది. ఈలోగా సుజాతకు డాక్టరేట్ వచ్చింది, మా కేంద్రంలోనే ఉద్యోగమూ వచ్చింది. నరసింహం సార్, ఆ తర్వాత యాకయ్య పదవీ విరమణ చేశారు. నాకు కూడా ఆ రోజు దగ్గరపడింది.

నా ఆఖరి సీజన్‌లో ఆ కొత్త మొక్కల్ని, పక్కన ఆమె ఎప్పుడూ వేసే రకాన్ని, ఒక వరస ఇది, ఒక వరస అదిగా కొమురమ్మ చేలోనే నాటాం. తెగులుతో ఎప్పుడూ ఎండిపోయే ముక్కే కావాలని అడిగాం. ఆమె నవ్వుతూ ఇచ్చింది.

పూత దాటి కాయ పట్టే వేళ ఫోన్ చేసింది. “చెల్లె, మీరందరు ఒకసారి రాండ్రి” అని పెట్టేసింది. మంచో చెడో చెప్పలేదు. జీపులో సుజాత, శ్రీనివాస్, కబురు విని వచ్చిన యాకయ్య, నేను.

గట్టు ఎక్కగానే కనిపించింది. ఒక వరస ఎండి గోధుమరంగు తిరిగింది. ఒక వరస నిండా పచ్చని చెట్లు, చెట్ల నిండా కాయలు. మళ్లీ ఒక వరస ఎండింది. మళ్లీ ఒక వరస పచ్చగా ఉంది. చేను చివరిదాకా అలాగే ఉంది. పచ్చటి వరసల్లోనూ అక్కడక్కడ ఒక చెట్టు పడింది. మిగతావన్నీ నిలబడ్డాయి. శ్రీనివాస్ గట్టు మీదే కూర్చుండిపోయాడు. సుజాత చెప్పులు విప్పి వరసల మధ్యకు దిగి, ఒక్కో చెట్టునూ ముట్టుకుంటూ నడిచింది. యాకయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

పక్క చేలో పనిచేస్తున్నావిడను కొమురమ్మ కేకేసి పిలిచింది. “ఓ లచ్చవ్వా! ఇటు రావే, మా చేను సూడు!”

లచ్చవ్వ కొంగు దోపుకుంటూ వచ్చి, రెండు రకాల వరసలను మార్చి మార్చి చూసింది. “గిదేందే కొమురమ్మా, ఏం మందు గొట్టినవ్?”

“మందు గాదే. చెట్టుకు రోగంతోని కొట్లాడే సత్తువ లోపల్నే ఉంటదట. ఎక్కువ ఎగరకుమని దాన్ని అణిచేటిది గూడ లోపల్నే ఉంటదట. మన చెట్లల్ల గా అణిచేటిది జాస్తి. గీ చెట్లల్ల తక్కువ. అందుకే నిలవడ్డయ్. ఈళ్లు ఏండ్లకేండ్లు వెతికి గా సంగతి పట్టుకున్నరు.”

లచ్చవ్వ నా వైపు తిరిగి అడిగింది: “నిజమేనా మేడం?”

నేను ఎన్నో సదస్సుల్లో ఎన్నో బొమ్మలు చూపించి ఇదే సంగతి చెప్పాను. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

“ఒక్క అక్షరం తప్పు లేదు” అన్నాను.